తొలగించండి, కానీ కారణం చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ చర్చల్లో ఎవరి వ్యాఖ్యనైనా తొలగించగానే ఒక వైపు నుంచి 'భావప్రకటనా స్వేచ్ఛకు సంకెళ్లు వేశారు' అన్న ఆరోపణ, మరో వైపు నుంచి 'మా గ్రూపు, మా ఇష్టం' అన్న జవాబు వస్తున్నాయి. రెండింటిలోనూ సగమే నిజం ఉందని నా అభిప్రాయం.

1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలోని 19వ అధికరణం ఏ మాధ్యమం ద్వారానైనా సమాచారాన్ని, అభిప్రాయాలను పంచుకునే హక్కు అందరికీ ఉందని చెబుతుంది. అయితే ఇలాంటి హామీలు ప్రధానంగా ప్రభుత్వాల చేతులు కట్టడానికి పుట్టినవి. 1791లో అమెరికా రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ కూడా వాక్కును అణచే చట్టం చేయరాదని ఆజ్ఞాపించింది అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌నే. కాబట్టి కొందరు కలిసి పెట్టుకున్న గ్రూపు తన నియమాల ప్రకారం ఒక పోస్టును తీసేస్తే దాన్ని, పత్రికను జప్తు చేసే సర్కారునూ ఒకే గాటన కట్టలేం. కోట్లమంది వాడే వేదికల సంగతి వేరు. కాదనుకుని బయటికి వెళ్లినవారికి అంతమంది వినే చోటు మరొకటి దొరకదు గనుక, అక్కడ 'మా ఇష్టం' అనడం చెల్లదు.

నేను కొంతకాలం ఒక చర్చా గ్రూపుకు అడ్మిన్‌గా ఉన్నాను. ఒక వ్యాసం కింద ఒక సభ్యుడు "ఈ లెక్క ఏ ఏడాదిది? మీరు చదివే రాస్తారా, నోటికొచ్చింది రాస్తారా?" అని కామెంటు పెట్టారు. రెండో వాక్యం చూసి చిర్రెత్తి మొత్తం తీసేశాను. అంకెలు నిజంగానే పాతవని తర్వాత తేలింది. దురుసు మాటతో పాటు న్యాయమైన ప్రశ్న కూడా పోయింది. (అదే వారంలో నా మిత్రుడొకరు అంతకంటే ఘాటుగా ఎత్తిపొడిస్తే చమత్కారమనుకుని నవ్వి ఊరుకున్నాను.)

అలాగని దేనినీ తీయకుండా వదిలేస్తే స్వేచ్ఛ దానంతటదే వర్ధిల్లదు. అదే గ్రూపులో ఒక సభ్యురాలు ఏం రాసినా ముగ్గురు వచ్చి ఆమె చదువు మీదా, వయసు మీదా ఒక్కో పుల్లవిరుపు మాట విసిరేవారు. విడిగా చూస్తే ఏ ఒక్కటీ తొలగించేంత పెద్దది కాదు, కలిపి చూస్తే ఆమెను మాట్లాడనివ్వకుండా చేసింది అవే. కొన్నాళ్లకు ఆమె గ్రూపు వదిలి వెళ్లినట్టు తెర మీద ఒక చిన్న వాక్యం కనిపించింది, అంతే. సెన్సారు గురించి గొంతెత్తేవారెవరూ ఆ రోజు నోరు మెదపలేదు.

1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం వాక్కు మీద పెట్టే పరిమితి ముందే చట్టంలో ఉండాలి, అవసరమైనదై కూడా ఉండాలి. అది ప్రభుత్వాలకు చెప్పిన మాటే అయినా అడ్మిన్లు అరువు తెచ్చుకోదగినది. 'మర్యాదగా ఉండాలి' అని రాసిపెడితే అది నియమం కాదు, ఎందుకంటే తన దురుసుతనం ఎవరికైనా ముక్కుసూటితనంగానే తోస్తుంది. రాసినదాన్ని ఎంతైనా విమర్శించవచ్చు, రాసినవారి పుట్టుకను, రూపాన్ని, కుటుంబాన్ని ఎత్తరాదు అని రాస్తే అందరికీ అర్థమవుతుంది. ఐరోపా సమాఖ్య 2022లో చేసిన డిజిటల్ సేవల చట్టం, ఒకరి పోస్టును తొలగిస్తే అందుకు కారణాన్ని వారికి తెలపాలని వేదికలను ఆదేశించింది. చిన్న గ్రూపుకు అంత తతంగం అక్కర్లేదు. "రెండో వాక్యం వ్యక్తిగత దూషణ, అది లేకుండా మీ ప్రశ్నను మళ్లీ పెట్టండి" అని ఒక్క ముక్క రాస్తే చాలు.

తీసేసినవారే ఫిర్యాదు కూడా వినడం తగదు. మా గ్రూపులో తీసేసిందీ నేనే, "నా కామెంటు ఎందుకు తీశారు?" అన్న ఆ సభ్యుడి సందేశం వచ్చిందీ నాకే. దానికి నేను జవాబు ఇవ్వలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు