రాత్రి చర్చ గురించి

అందరికీ నమస్తే. రాత్రి చర్చ "మంచీ చెడూ మనం పెట్టుకున్నవే, కాబట్టి జంతువులతో ఎలా ఉండాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది" అన్న దగ్గర ఆగిపోయింది, నాకది అస్సలు నచ్చలేదు. మొదటి సగం నిజమే అనుకున్నా రెండో సగం దాన్నుంచి రాదు కదండీ. మనతో సంబంధం లేకుండా ఉండే నైతిక విలువలంటూ ఏవీ లేవని 1977లో ఒక పుస్తకంలో గట్టిగా వాదించిన తత్వవేత్త జె.ఎల్. మాకీ కూడా, మరి ఎలా బతకాలి అన్న ప్రశ్నను వదిలేయలేదు, అదే పుస్తకంలో దాని మీద చాలా పేజీలు రాశాడు.

నాకు ముఖ్యమైన ప్రశ్నను ఇంగ్లండ్ తత్వవేత్త బెంథామ్ 1789లోనే అడిగేశాడు: జంతువులు ఆలోచిస్తాయా, మాట్లాడతాయా అని కాదు, బాధపడతాయా అని.

ఇదంతా గాలి కబుర్లు కాదు. మన హైదరాబాద్‌లోనే మందుల కంపెనీలు, పరిశోధన సంస్థలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, ప్రయోగాలకు ఎలుకలు, కుందేళ్లు కావాలి. కొత్త మందులను పరీక్షించే నిబంధనలను మన దేశంలో 2023లో సవరించి, జంతువుల బదులు మానవ కణాలతో, కంప్యూటర్ నమూనాలతో చేసే పరీక్షలకూ చోటిచ్చారు. అంటే "వేరే దారి లేదు" అనే మాట ఇప్పుడు ప్రతిచోటా చెల్లదు, అలాగని ప్రతి ప్రయోగాన్నీ రేపే ఆపేయగలమని కూడా నేను అనను, పిల్లల టీకాల సంగతి ఉంది.

ఇంకోటి, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో తొలి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఎవరి ఇష్టం వాళ్లది అన్నవాళ్లు దీని మీద ఏమంటారో రాయండి, నిజంగా వినాలనుంది.