ఫుట్‌బాల్ అకాడమీలో చేర్చే ముందు అడగాల్సిన లెక్కలు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడగానే వీధి మలుపుల్లో ఫుట్‌బాల్ అకాడమీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. సరదాకి ఆడే పిల్లలకు వాటిలో ఏదైనా ఫర్వాలేదు, ఇంటికి దగ్గరగా ఉంటే చాలు. ఈ ఉత్తరం మరో రకం పిల్లల తల్లిదండ్రుల కోసం. వాన పడుతున్నా మైదానానికి పోతామని మారాం చేసేవాళ్లు, సాయంత్రమంతా ప్రహరీ గోడకు బంతి కొట్టుకుంటూ ఉండేవాళ్లు, పదేళ్లకో పదకొండేళ్లకో తమకు ఈ ఆటే కావాలని తేల్చేసినవాళ్లు ఉంటారు. వాళ్లను ఎక్కడ చేర్చాలో వెతికేటప్పుడు హైదరాబాద్‌లో గానీ విజయవాడ, విశాఖల్లో గానీ పెద్దల కళ్లు ముందు మూడింటి మీద పడతాయి: బోర్డు మీద విదేశీ క్లబ్ పేరు, లైట్ల కింద మెరిసే కృత్రిమ గడ్డి టర్ఫ్, అద్దాల బీరువాలో కప్పులు. వీటిని చూసి డబ్బు కట్టకండి. తన వయసు వాళ్లతో, రిఫరీ ఉన్న, సరైన కొలతల మైదానంలో మీ బిడ్డ ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడతాడు, వాటిలో ఎన్ని నిమిషాలు ఆడతాడు, మిగతా రోజుల్లో నేర్పేది ఎవరు అన్నవే ఆటను పెంచుతాయి.

పేరు సంగతి ముందే చెప్పేస్తాను. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో మొత్తంగా ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. అంత పెద్ద క్లబ్బే ఊరు మారింది. బోర్డు మీద అద్దెకు తెచ్చుకున్న యూరప్ పేరు ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు. ఆ పేరు పెట్టుకున్నంత మాత్రాన అక్కడి కోచ్‌లు వచ్చి నేర్పరు. పేరు వాడుకున్నందుకు కట్టే సొమ్ము మీ ఫీజులోంచే పోతుంది.

అకాడమీకి వెళ్లగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: "పోయిన సీజన్‌లో మీ అండర్-13 జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఆడింది? ఎవరితో, ఎక్కడ ఆడింది?" సక్రమంగా నడిచే క్లబ్బులో ఆ జాబితా కోచ్ ఫోన్‌లోనే ఉంటుంది, అడిగిన వెంటనే చూపిస్తారు. "చాలా టోర్నీలు ఆడామండి" అని కప్పుల బీరువా వైపు చెయ్యి చూపిస్తే జాగ్రత్తపడండి. రెండు రోజుల నాకౌట్ టోర్నీలో పది నిమిషాల అర్ధభాగాలతో రెండు మ్యాచ్‌లు ఆడి, ఓడి, బస్సెక్కే జట్టుకు ఆట పెద్దగా పెరగదు. జట్లన్నీ వారం వారం ఒకరితో ఒకరు ఆడే లీగ్ సంగతి వేరు. ఈ ఆదివారం చేసిన తప్పును వారమంతా మైదానంలో దిద్దుకుని, వచ్చే ఆదివారం మళ్లీ పరీక్షించుకునే వీలుంటుంది. ఏడాదికి 25 పూర్తి నిడివి మ్యాచ్‌లు కూడా ఆడించలేని చోటు పోటీ ఫుట్‌బాల్‌కు చాలదన్నది నా అభిప్రాయం.

నిమిషాల లెక్క కాగితం మీద వేసి చూడండి. ఏడుగురి జట్టు, 20 నిమిషాల అర్ధభాగాలు రెండు అనుకుందాం. 7 మంది, 40 నిమిషాలు, మొత్తం 280 నిమిషాల ఆట పంచుకోవాలి. జాబితాలో 12 మంది ఉంటే ఒక్కొక్కరికి 23 నిమిషాలు వస్తాయి. 18 మందిని తీసుకుంటే 16 నిమిషాలు కూడా రావు. అదీ కోచ్ సమంగా పంచితేనే. అండర్-11 వయసులో సమంగా పంచని కోచ్‌ను నేను ఒప్పుకోను. పదేళ్ల పిల్లల్ని బెంచీ మీద కూర్చోబెట్టి గెలిచిన కప్పు ఎవరి కోసం? పదకొండు మంది ఆటకు వచ్చేసరికి పరిస్థితి కొంత మారుతుంది, పోటీ ఉండాలి. అయినా 16 నుంచి 18 మంది జాబితా చాలు. ఒకే వయసు బ్యాచ్‌లో 34 మంది ఉండి, లీగ్‌లో ఒక్క జట్టే దింపుతున్నారంటే మిగిలిన సగం మంది ఫీజుతో ఆ ఒక్క జట్టు నడుస్తోందన్నమాట. రెండో జట్టు ఉందా, దానికీ మ్యాచ్‌లు ఉన్నాయా అని అడగండి.

తర్వాత ఒక సాయంత్రం చెప్పకుండా వెళ్లి శిక్షణ చూడండి. చేతిలో గడియారం ఉండాలి. ఒక్క పిల్లవాణ్ని ఎంచుకుని పది నిమిషాలు వాణ్నే చూస్తూ, కాలు బంతికి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. పదిమంది వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు గోల్‌కు కొట్టే పద్ధతి మన దగ్గర చాలాచోట్ల ఉంది. ఒక్కొక్కరికి 15 సెకన్లు పడితే ప్రతివాడికీ రెండున్నర నిమిషాలకు ఒక వంతు వస్తుంది. అరగంటలో పన్నెండు సార్లు. మిగిలిన సమయమంతా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడటమే. అదే అరగంట నలుగురు నలుగురుగా చిన్న గడుల్లో ఆడిస్తే బంతి వందసార్లు తగులుతుంది, పైగా ప్రత్యర్థి మీదికి వస్తుంటే ఏం చేయాలో కూడా నేర్చుకుంటారు. పిల్లల సంఖ్యకు సరిపడా బంతులు ఉన్నాయా, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 4వ సైజు బంతి, ఆ పైవాళ్లకు 5వ సైజు ఇస్తున్నారా చూడండి. అందరికీ 5వ సైజు ఇచ్చే చోట చిన్నవాళ్లు మడమ బిగించి బొటనవేలితో కొట్టడం అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటు మాన్పించడానికి ఏళ్లు పడుతుంది.

రెండో కాలు వాడమని కోచ్ పట్టుబడుతున్నాడా లేదా అన్నది కూడా గమనించండి. ఇది మన ఊరి విద్యే. 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన జట్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ వాడు. డ్రిబ్లింగ్ (బంతిని కాళ్లతో తిప్పుకుంటూ ప్రత్యర్థిని దాటడం) నిషేధించిన పోటీలు, బలం తక్కువున్న కాలితోనే ఆడాల్సిన పోటీలు ఆయన పెట్టేవాడు. ఖర్చు లేని పద్ధతి, ఇవాళ కూడా ఏ మైదానంలోనైనా చేయించవచ్చు.

కోచ్ లైసెన్సు అడగడానికి మొహమాటపడొద్దు. మన దేశంలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) ఇచ్చే 'ఈ', 'డీ' సర్టిఫికెట్లతో మొదలై ఆసియా సమాఖ్య ఏఎఫ్‌సీ వారి 'సీ', 'బీ', 'ఏ', 'ప్రో' వరకు మెట్లు ఉంటాయి. పదేళ్లలోపు వాళ్లకు డీ ఉన్న ఓపికైన మనిషి చాలు. పదమూడు దాటి పోటీ ఆటకు దిగాక ఆ బ్యాచ్‌ను చూసే కోచ్‌కు కనీసం ఏఎఫ్‌సీ సీ ఉండాలి. మోసం ఎక్కడ జరుగుతుందంటే, బ్రోషర్‌లో 'ఏ' లైసెన్సు ఉన్న పెద్ద కోచ్ ఫొటో ఉంటుంది, మీ బిడ్డ బ్యాచ్‌ను మాత్రం డిగ్రీ చదివే కుర్రాడు చూస్తుంటాడు. "మా వాడి బ్యాచ్‌లో రోజూ ఉండేది ఎవరు?" అని పేరుతో సహా అడగండి.

టర్ఫ్ గురించి. నగరంలో అద్దెకిచ్చే వలల టర్ఫ్‌లు ఎక్కువగా ఐదుగురు ఆడే కొలతవి. బంతి అదుపు నేర్చుకోవడానికి మంచివే. కానీ అంతర్జాతీయ మ్యాచ్‌ల మైదానం 100 నుంచి 110 మీటర్ల పొడవు, 64 నుంచి 75 మీటర్ల వెడల్పు ఉంటుంది. మూడేళ్లు వలల మధ్యే ఆడిన పిల్లలకు ఆఫ్‌సైడ్ గీత తెలియదు, నలభై మీటర్ల పాస్ తెలియదు, బంతి వలకు తగిలి తిరిగొస్తుందన్న ధీమా మాత్రం ఉంటుంది. పదమూడో ఏట పెద్ద మైదానంలో ట్రయల్స్‌కు వెళితే మొదటి పది నిమిషాల్లోనే దొరికిపోతారు. పన్నెండేళ్లు వచ్చేసరికి వారంలో ఒక్క రోజైనా పెద్ద మైదానం ఉండాలి. ఇంకొక మాట: పచ్చగడ్డి కోసం చేసిన, అడుగున పొడవు స్టడ్లు (బొడిపెలు) ఉన్న బూట్లు టర్ఫ్ మీద వేయకండి. స్టడ్ ఇరుక్కుపోయి పాదం ఆగుతుంది, మోకాలు తిరుగుతుంది. టర్ఫ్‌కు చిన్న రబ్బరు చుక్కల అడుగున్న టీఎఫ్ బూట్లు వేరే దొరుకుతాయి.

ఒంటి సంగతి చాలా అకాడమీలకు పట్టదు. పది నుంచి పదిహేనేళ్ల మధ్య, ఎత్తు వేగంగా పెరిగే నెలల్లో, మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి వస్తుంది. దాన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. అంతకంటే కొంచెం చిన్న వయసులో మడమ వెనక వచ్చేది సీవర్స్. రెండూ ఎదుగుతున్న ఎముక మీద పడే లాగుడు వల్ల వచ్చేవే, శ్రమ తగ్గిస్తే తగ్గుతాయి. "నొప్పిని ఓర్చుకుంటేనే ఆటగాడు" అనే కోచ్ దగ్గర మాత్రం నెలల తరబడి తగ్గవు. క్రీడా వైద్యులు చెప్పే సులువైన కొలత ఒకటుంది: వారానికి శిక్షణ, మ్యాచ్‌లు కలిపి గంటల సంఖ్య బిడ్డ వయసును దాటకూడదు. స్కూల్ జట్టు, అకాడమీ, ఆదివారం టోర్నీ మూడూ కలిపి లెక్కపెట్టండి. విడివిడిగా చూస్తే ఎవరిదీ ఎక్కువగా కనిపించదు. ఏడు నుంచి పదమూడేళ్ల వాళ్ల కోసం ఫిఫా రూపొందించిన 11+ కిడ్స్ వార్మప్ చేయిస్తున్నారా అని కూడా అడగండి. ఇరవై నిమిషాల పని, బంతులు తప్ప పరికరాలు అక్కర్లేదు.

ఒకే ఏడాది జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే వయసు జట్టులో ఆడతారు. పన్నెండేళ్లప్పుడు ఆ పదకొండు నెలల తేడా భుజాల్లో, పరుగులో స్పష్టంగా కనిపిస్తుంది. ఎత్తున్న వాళ్లనే ఏరుకునే అకాడమీ అండర్-13లో కప్పులు గెలుస్తుంది. మీ బిడ్డ ఏడాది చివర పుట్టి, ఆలస్యంగా ఎదిగే రకమైతే, నిరుడు తీసుకున్న పొట్టి పిల్లలు ఈ ఏడాది జట్టులో ఉన్నారో లేదో చూసి చేర్చండి. వయసు తగ్గించి రాయించే సలహా ఎవరిచ్చినా ఆ గుమ్మం దిగి వచ్చేయండి. మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు తేల్చే టీడబ్ల్యూ3 పరీక్షలు వచ్చాక దొరికిపోవడం ఖాయం, శిక్ష పడేది పిల్లవాడికే.

ఇక కాగితాలు. ఏఐఎఫ్‌ఎఫ్ ఆన్‌లైన్ నమోదు వ్యవస్థ సీఆర్‌ఎస్‌లో మీ బిడ్డ పేరు ఏ క్లబ్ కింద ఎక్కుతుందో సంతకం పెట్టే ముందే తెలుసుకోండి. కొన్ని అకాడమీలు అసలు క్లబ్బులే కావు, పిల్లల్ని వేరే క్లబ్ పేరు మీద ఆడిస్తాయి. ఒకసారి నమోదయ్యాక మారాలంటే ట్రాన్స్‌ఫర్ జరగాలి, దానికి గడువులుంటాయి. జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు నకళ్లు ఇవ్వండి, అసలువి ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. బాండ్ అంటూ ఏదైనా పెడితే మధ్యలో మానేస్తే ఏమవుతుందో రాసిన పేరా రెండుసార్లు చదవండి.

"నేషనల్" అన్న మాట దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. దేశంలో ఫుట్‌బాల్‌కు గుర్తింపు పొందిన సమాఖ్య ఏఐఎఫ్‌ఎఫ్ ఒక్కటే. సబ్ జూనియర్ బాలుర మీర్ ఇక్బాల్ హుస్సేన్ ట్రోఫీకి, జూనియర్ల బీసీ రాయ్ ట్రోఫీకి జట్టును ఎంపిక చేసేది రాష్ట్ర సంఘం. స్కూల్ జట్లకు 1960 నుంచి సుబ్రతో కప్ ఉంది. వీటితో సంబంధం లేకుండా గంభీరమైన పేర్లతో "జాతీయ ఛాంపియన్‌షిప్" పెట్టి, ప్రవేశ రుసుము తీసుకుని, గెలిచినవాళ్లను పొరుగు దేశానికి "భారత జట్టు"గా తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. ఆ సర్టిఫికెట్లు క్రీడా కోటాలో చెల్లవు.

స్పెయిన్, పోర్చుగల్ ట్రయల్స్ పేరిట లక్షలు అడిగేవాళ్లకూ ఒక్క ప్రశ్న చాలు. ఫిఫా బదిలీ నిబంధనల్లో 19వ అధికరణం ప్రకారం 18 ఏళ్లు నిండని ఆటగాణ్ని ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు మార్చడం నిషిద్ధం. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి వలస వెళ్లడం వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. "మా వాడికి పద్నాలుగేళ్లు. ఏ మినహాయింపు కింద తీసుకుంటారు?" అని అడగండి. రెండు వారాలు చూసి రావడానికి వెళ్తే అది విహారయాత్ర, ఎంపిక కాదు.

హాస్టల్ ఉన్న అకాడమీకి పంపాలనుకునేవాళ్లు అక్కడి చదువు ఎవరు చెబుతారో, రాత్రి పిల్లలతో ఎవరుంటారో కళ్లారా చూడాలి. 1987 నుంచి జంషెడ్‌పూర్‌లో నడుస్తున్న టాటా ఫుట్‌బాల్ అకాడమీ లాంటివి ట్రయల్స్ పెట్టి ఎంచుకున్న పిల్లల భారం తామే మోస్తాయి. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లెల పిల్లలకు, ఆడపిల్లలతో సహా, ఈ ఆట నేర్పుతోంది. ఆడపిల్లల విషయంలో నేను ముందు చూసేది మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, శిబిరాలకు వెంట వెళ్లే మహిళా సిబ్బంది. నిజామాబాద్ జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడిన ఈ రోజుల్లో కూడా పదమూడేళ్లకే ఎందరో అమ్మాయిలు మానేస్తున్నది ఆట రాక కాదు, ఇవి లేక.

ఎనిమిదో తరగతి నుంచి స్కూలు సాయంత్రం ఆరు దాకా ఫౌండేషన్ క్లాసులు పెడితే ఏ అకాడమీలో చేర్చినా ఫలితం ఉండదు. ఆ మాట స్కూలుతో ముందే తేల్చుకోవాలి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. పైన చెప్పిన మొదటి ప్రశ్నకు అకాడమీలు ఏం జవాబిచ్చినా సరిచూసుకునే దారి తల్లిదండ్రులకు లేదు. జిల్లా లీగుల్లో అండర్-13, అండర్-15 మ్యాచ్‌ల ఫలితాలు ఎక్కడా అచ్చు కావు. సోమవారం జిల్లా పేజీలో జట్ల పేర్లు, గోల్స్, మైదానం పేరు నాలుగు వరుసల్లో వేయండి. ఒక్క సీజన్ వేస్తే ఏ క్లబ్ నిజంగా ఆడుతోందో ఊరందరికీ తెలుస్తుంది.

— ఒక ఫుట్‌బాల్ కోచ్, సికింద్రాబాద్