పోటుపాట్ల వేళలు కూడా వేయండి

సంపాదకుల వారికి,

మీ జిల్లా పేజీలో ఎండ ఎంత కాసిందో రోజూ వేస్తున్నారు. దాని పక్కనే కాకినాడ పోటుపాట్ల (సముద్రపు నీరు ఎక్కే పోటు, తీసే పాటు) వేళలు కూడా ఒక్క వరుసలో వేయాలని మా మనవి. వేసవి సెలవులకు సొంత తెరచాప పడవలో యానాం నుంచి గోదావరి గౌతమి పాయ వెంట దిగి, హోప్ ఐలాండ్ చుట్టి కాకినాడ చేరాలనుకునే దంపతులకు అన్నిటికంటే ముందు కావాల్సింది అదే.

మే నెలలో ధవళేశ్వరం దిగువకు నదిలోకి వచ్చే నీరు బాగా తక్కువ. కింది పాయల్లో పడవ తేలేది పోటు నీటి మీదే. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ ఆరింటికి నిండిన పోటు రేపు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా నిండుతుంది. పోటు ఎక్కే వేళ పడవ ఇసుక మేట ఎక్కి ఆగిపోతే కాసేపటికి అదే తేలుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన పెద్ద పోటు నిండుగా ఉన్నప్పుడు మేటెక్కితే మాత్రం మళ్ళీ అంత నీరు రావడానికి పక్షం రోజులు పట్టొచ్చు.

అసలు గండం భైరవపాలెం దగ్గర, నది సముద్రంలో కలిసే మొగలో. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది. అదే వేళకు పాటు నీరు బయటికి లాగుతుంటే గాలీ నీరూ ఎదురెదురై అల నిలువుగా లేస్తుంది, ఇసుక మేట మీద విరుగుతుంది. చిన్న పడవలు బోల్తా కొట్టేది అక్కడే. అందుకే ముందురోజు పాటుతో దిగి, మొగ లోపలే లంగరేసి, మర్నాడు పొద్దున్నే పడమటి గాలి ఉండగా, పోటు నిండబోయే ఆఖరి గంటలో దాటాలి. పొద్దుటి పోటు కుదరని రోజుల్లో బయల్దేరకపోవడమే మేలు.

లంగరు మోకు లెక్క కూడా పోటుతోనే. వేసేటప్పుడు మూడు మీటర్ల లోతుంటే, ఎక్కబోయే మీటరున్నర కలిపి, దానికి అయిదింతలు, అంటే 22 మీటర్లకు పైగా వదలాలి. నీరు తిరిగినప్పుడు పడవ కూడా తిరుగుతుంది. మోకు లంగరు కొక్కేనికి చుట్టుకుంటే పట్టు ఊడిపోతుంది. ఒడ్డున ఒక తాడిచెట్టునీ దాని వెనక ఇంకో గుర్తునీ ఒకే వరుసలో చూసి పెట్టుకుని, నీరు తిరిగాక మళ్ళీ చూడాలి. వరుస తప్పిందంటే పడవ జారుతున్నట్టే.

యానాం–ఎదుర్లంక వంతెనకు ఎగువ నుంచి వచ్చేవారు పోటు వేళ వంతెన కింద ఎత్తు తగ్గుతుందని మరవకూడదు. పాయల మీద కరెంటు తీగలు మరీ ప్రమాదం. అల్యూమినియం తెరచాప స్తంభం హైటెన్షన్ తీగకు తగలనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు కొడుతుంది.

సాయంత్రం వాయవ్యాన మబ్బు నల్లబడితే ఈదురుగాలి రాకముందే తెరచాప దించేయాలి. ఇద్దరే ఉన్న పడవలో ఒకరు నీళ్ళలో పడితే పైన మిగిలేది ఒక్కరే. కాబట్టి తెరచాప దించడం, పడవ తిప్పడం, తాడు విసరడం ఇద్దరికీ విడివిడిగా రావాలి. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి. మంచినీళ్ళు మనిషికి రోజుకు అయిదు లీటర్ల చొప్పున, దానిపైన సగం అదనంగా పెట్టుకోవాలి. ఎండాకాలంలో అక్కడి నది నీళ్ళు ఉప్పు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. అంటే బయట సాయానికొచ్చే బోట్లు కూడా తక్కువే. కోస్ట్ గార్డ్ నంబరు 1554 దగ్గరుంచుకోవాలి.

సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటుపాట్ల పట్టికలు అచ్చు వేస్తోంది. అందులోంచి రెండు పోట్లు, రెండు పాట్లు, వాటి ఎత్తు మీటర్లలో వేస్తే చాలు. లోపలి పాయల్లో పోటు కాకినాడ కంటే ఆలస్యంగా నిండుతుందని కింద ఒక మాట చేర్చండి. సెలవులకు వెళ్ళే దంపతులకే కాదు, రేవుల్లో పంటు నడిపేవారికీ, చెరువులకు నీరు పెట్టుకునే రొయ్య రైతులకూ రోజూ పనికొస్తుంది.

– పడవలు కట్టే వడ్రంగులు, తాళ్ళరేవు