తెల్లవారుజామున చదువుకో

అమ్మలూ,

మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "నాన్నా, రాజీనామా మెయిల్ టైప్ చేసేశాను, పంపెయ్యనా?" అన్నావు. నీ గొంతు వణుకుతోంది. అందరి ముందూ మేనేజర్ అంత మాట అంటే ఎంత కష్టమేస్తుందో నాకు తెలుసు. తెల్లారి అమ్మతో మాట్లాడినప్పుడు మాత్రం, కొత్త పని అప్పజెప్పారని నవ్వుతూ చెప్పావట. అప్పట్నుంచీ నీకు ఉత్తరం రాయాలనే ఉంది. ఇవన్నీ ఫోన్లో చెప్పలేను.

ఏడవొద్దు, కోపం తెచ్చుకోవద్దు అని నేననను. అవి వస్తాయి. వచ్చిన పూటే ఏదీ తేల్చెయ్యకు, అంతే. ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని, ఒక మనిషిని బాధపెట్టి నేర్చుకున్నాను.

2023లో గుంటూరు యార్డులో మిర్చి క్వింటాలు 20,000 దాటింది. టిక్కీ బస్తాలు అమ్మి ఇంటికొచ్చేసరికి నా కాళ్లు నేల మీద లేవు. ఆ సాయంత్రమే పక్క చేను రెండెకరాలు కౌలుకు మాట్లాడేసి అడ్వాన్స్ ఇచ్చేశాను. అది పల్లపు చేను, నీళ్లు నిలుస్తాయని మీ అమ్మ చెబుతూనే ఉంది. నేను వింటేగా! డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. సగం తోట వేరుకుళ్లుతో పోయింది. సంతోషం కూడా మనిషి కళ్లు కప్పేస్తుందని అప్పటిదాకా నాకు తట్టలేదమ్మా.

2025 ఫిబ్రవరికి రేటు 11,000 దగ్గరికి పడిపోయింది. చివరికి కేంద్రమే 11,781 అని ఒక ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే యార్డులో, పదిహేనేళ్లుగా మనకు పెట్టుబడి ఇస్తున్న కమీషన్ వ్యాపారిని నలుగురిలో దొంగ అనేశాను. రేటు ఆయన చేతిలో ఉందా? నీ కాలేజీ ఫీజుకి అప్పటికప్పుడు డబ్బు సర్దింది ఆయనే. మళ్లీ ఆయన గుమ్మం తొక్కడానికి నాకు రెండు నెలలు పట్టింది. "పోనీలే" అని టీ తెప్పించాడు. కానీ ఇప్పుడు ఖాతా పుస్తకం తీస్తే ప్రతి అంకే పైకి చదివి వినిపిస్తాడు. మునుపు అలా చదివేవాడు కాదు.

చిన్నప్పుడు కళ్లంలో నా వెంటే తిరిగేదానివి, గుర్తుందా? మధ్యాహ్నం ఎండలో మిరపకాయ పట్టుకుంటే పుటుక్కున విరిగి గింజలు రాలిపోయేవి. అందుకే రాత్రి మంచుకు మెత్తబడ్డాక, తెల్లవారుజామున టిక్కీల్లో తొక్కేవాళ్లం. "అవే కాయలు కదా నాన్నా, ఇప్పుడెందుకు విరగట్లేదు?" అని అడిగావు. నీకప్పుడు ఆరేళ్లుంటాయేమో.

నీ మెయిల్ కూడా ఓ నాలుగు రోజులు తెల్లవారుజామున తీసి చదువుకో. అప్పటికీ మానెయ్యాలనే అనిపిస్తే మానెయ్ తల్లీ, నేనే వచ్చి సామాను సర్దుతాను.

ఆ రాత్రి అన్నం తిన్నావో లేదో చెప్పనేలేదు. అమ్మ కారం కొట్టించి పెట్టింది, శనివారం బస్సులో వేస్తాను. అందగానే ఫోన్ చెయ్.

నాన్న