నిచ్చెన వేసిన కరీంనగర్ కాకకు

నిన్న ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవం. హనుమకొండలోని మా బడిలో, సైన్సు గది కిటికీ పక్కనున్న బల్ల మీద ఓడను నిలబెట్టి చేయి తీసేసరికి ఉదయం తొమ్మిదిన్నరయింది. ముందు రాత్రి అసలు నిద్ర లేదు. వేళ్లకు అంటిన జిగురు పొర ఇంకా ఊడి రాలేదు. కళ్లు మూసుకుంటే బూడిద రంగు గీతలే కనబడుతున్నాయి. ఒళ్లు పడుకోమంటోంది, కానీ ఆ ఓడకు సాయం చేసిన కరీంనగర్ కాకకు కృతజ్ఞత రాయకుండా పడుకోలేను.

ఆ ఓడ ప్లాస్టిక్‌ది. మనిషి ఇంకా కట్టని, కథల్లో మాత్రమే ఎగిరే అంతరిక్ష నౌకకు 1/144 స్కేలు నమూనా. పొడవు 52 సెంటీమీటర్లు. అంటే నిజంగా కడితే 75 మీటర్లుండాలి. పెట్టెలోంచి తీసి అతికించినప్పుడు మాత్రం అది 75 మీటర్ల ఓడలా లేదు, సబ్బుపెట్టెలా ఉంది. నున్నటి ప్లాస్టిక్‌ను చూస్తే కంటికి కొలత దొరకదు. ఏ వస్తువు ఎంత పెద్దదో మన కన్ను దాని మీద కనిపించే అతి చిన్న వివరాన్ని బట్టే అంచనా వేస్తుంది. అందుకే పై పొర మీద రేకుల అతుకులు, మూతలు, గొట్టాలు, రివెట్లు, జల్లెడలు కావాలి. 1977లో వచ్చిన ఒక అంతరిక్ష యుద్ధ చిత్రం కోసం అక్కడి నమూనా పనివాళ్లు ముక్కలు అతికించుకుని తయారుచేసుకునే యుద్ధ ట్యాంకుల కిట్లు, ఓడల కిట్లు కొని, వాటి ముక్కలు తీసి అతికించారు. నేను పాత రిమోట్లు, బాల్‌పెన్ను స్ప్రింగులు, చెడిపోయిన రేడియో బోర్డులు విప్పాను. అతుకు గీతలు సూదిమొనతో ఒక్కొక్కటీ చెక్కాను. ఒక్క వీపు భాగానికే మూడు నెలలు పట్టింది. ఎక్కడ పడితే అక్కడ అతికిస్తే చెత్తకుప్పలా ఉంటుంది. ఒకచోట గుంపుగా, పక్కన ఖాళీగా ఉంటేనే కన్ను ఆగి చూస్తుంది. అది తెలుసుకోవడానికి రెండుసార్లు అంతా పీకి మళ్లీ చేశాను.

ఇంజన్ల వెనుక జల్లెడలు మాత్రం నా చేతికి లొంగలేదు. వాటికి ఆమ్లంతో కొరికించిన పలుచని ఇత్తడి రేకులు దొరుకుతాయి. రెండు రేకులు, ఇరవై గ్రాములు కూడా ఉండవు. విదేశం నుంచి తెప్పించాను. ఇక్కడ బాధ చెప్పుకోక తప్పదు. ఆ పార్శిలు కస్టమ్స్ తనిఖీలో తొమ్మిది వారాలు ఆగిపోయింది. అది బొమ్మ కిందికి వస్తుందన్నారు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. కడతానన్నాను. బొమ్మలకు ఉండాల్సిన నాణ్యతా ధ్రువపత్రం చూపమన్నారు. ఆ నిబంధన పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే వస్తువులకు కదా, ఇది పెద్దవాళ్లు సన్న పట్టకారుతో పట్టుకుని అతికించే రేకు కదా అని మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఫోను ఎత్తరు. చివరికి ఒకరోజు "తిరిగి పంపబడింది" అని ఒక్క ముక్క సందేశం వచ్చింది. బడి పిల్లల కోసం సొంత జీతంతో తెప్పించుకున్న వస్తువును ఎందుకు తిప్పి పంపారో చెప్పే మనిషి ఒక్కరైనా లేకపోవడం నన్ను చాలా కుంగదీసింది. విజ్ఞాన దినోత్సవానికి అప్పటికి పదమూడు రోజులే మిగిలాయి.

ఆ రాత్రి రాగి తీగతో నేనే చేద్దామని విద్యుత్ టంకం కర్ర పెట్టాను. నూరు డిగ్రీల దగ్గరే మెత్తబడే ప్లాస్టిక్ అది. రెక్క అంచు కరిగి వంగిపోయింది. మరునాడు సెలవు పెట్టి, ఓడను చెప్పుల పెట్టెలో దూదితో సర్ది, ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కాను. వెండి తీగ పనికి ఆ ఊరు పేరుపడింది. కరీంనగర్ కన్నా ముందు జిల్లా కేంద్రంగా ఉన్న ఎలగందుల కాలం నుంచీ ఉన్న పని, 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తీగ పనివాళ్లు తప్ప నాకింకెవరూ తోచలేదు.

రెండు దుకాణాల్లో నవ్వి పంపించారు. మూడో ఇంట్లో ఉన్న పెద్దాయన నవ్వలేదు. తన పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. నేను కాకా అనే పిలిచాను. పెట్టె మూత తీసి, చాలాసేపు ఓడను చుట్టూ తిప్పి చూసి, ఆయన అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు.

"ఇందులో మనిషి ఎంత ఎత్తుంటాడమ్మా?"

లెక్క కట్టి 12 మిల్లీమీటర్లు అన్నాను. పక్కనున్న తీగ చుట్టలోంచి ఒక ముక్క కత్తిరించి, కొస కొద్దిగా వంచి, బల్ల మీద మైనం ముద్దలో గుచ్చి నిలబెట్టారు. "ఇదిగో, మీ మనిషి" అన్నారు. ఆ తర్వాత పనంతా ఆ తీగ మనిషిని పక్కన పెట్టుకునే చేశారు. స్కేలు ముట్టుకోలేదు. జల్లెడ కన్ను ఎంతుండాలో, చట్రం ఎంత మందముండాలో ఆ మనిషి పక్కన పెట్టి చూసి, పనికిరాకపోతే తీసేసేవారు.

రాగి తీగను కమ్మచ్చు అనే రంధ్రాల పలకలో ఒక రంధ్రం తర్వాత ఇంకో సన్న రంధ్రం గుండా లాగి లాగి 0.2 మిల్లీమీటర్లకు తెచ్చారు. దాన్ని 144తో హెచ్చవేస్తే దాదాపు 29 మిల్లీమీటర్లు, మనం మెట్ల పక్కన పట్టుకునే ఇనుప గొట్టమంత. రెండు పోగులు పేని, చదును చేసి, చట్రంలో నిలువుగా ఒత్తుగా పేర్చి, వెలిగారం, టంకం పొడి చల్లి, ఊదుగొట్టంతో మంట ఊదారు. మంటకు దూరంగా ఓడను ఒక గుడ్డలో చుట్టి తన మంచం మీద పెట్టించారు. నేను నాలుగుసార్లు వెళ్లాను. ప్రతిసారీ ముందు టీ, తర్వాతే పని.

చివరిసారి వెళ్లినప్పుడు ఆరు జల్లెడలూ ఒక కాగితం మడతలో ఉన్నాయి. ఇంకో చిన్న మడత వేరుగా ఇచ్చారు. అందులో ఒక నిచ్చెన. పొడవు రెండు సెంటీమీటర్లు, మెట్లు పదకొండు, మెట్టుకు మెట్టుకు మధ్య రెండు మిల్లీమీటర్లు. నేను అడగలేదు.

"పక్కన గుండ్రటి తలుపు పెట్టారు కదమ్మా. మరమ్మతుకు బయటికి పోయినవాడు మళ్లీ లోపలికి ఎట్లా వస్తాడు? పట్టుకోవడానికి ఏమీ లేదు."

ఏడాది పైగా ఆ ఓడ మీద వంగి కూర్చున్నాను. వందల గీతలు గీశాను. ఆకాశంలో 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతరిక్ష కేంద్రం బయటి గోడల నిండా చేతికి పట్టు దొరికే కడ్డీలు ఉంటాయని బడిలో పాఠం చెప్పేదాన్ని కూడా నేనే. ఆ మనిషి లోపలికి ఎలా వస్తాడన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు. ఆయనకు వచ్చింది.

జల్లెడలకు రాగి ఖర్చు మాత్రం తీసుకున్నారు. నిచ్చెనకు ఎంత అంటే తల అడ్డంగా ఊపారు. అది మెరుస్తున్న తీరు చూసి అడిగితే వెండి అని అప్పుడు చెప్పారు. రంగు వేయడానికి నాకు మనసు ఒప్పలేదు. "వెండి అని ఆగొద్దమ్మా, ఓడ రంగే వేయండి. లేకపోతే నిచ్చెన అతికించినట్టు కనబడుతుంది" అన్నారు. హుజూరాబాద్ దాటేవరకు బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. పక్కనున్న అమ్మ నీళ్ల సీసా ఇచ్చి ఏమీ అడగలేదు.

రంగు వేశాను కాకా. బూడిద రంగే. కింద వెండి ఉందని నాకూ మీకూ తప్ప ఎవరికీ తెలియదు, ఇప్పుడు ఇది చదివినవాళ్లకు తెలుస్తుంది. నిన్న ఏడో తరగతి పిల్లవాడొకడు భూతద్దం పట్టుకుని మెట్లు లెక్కపెట్టాడు. పదకొండు అని గట్టిగా అరిచి, "టీచర్, మనుషులు ఎక్కడ?" అన్నాడు. లోపలికి వెళ్లిపోయారు అన్నాను.

మా ఆయన, అత్తయ్య, పిల్లలు ఈ ఏడాదంతా భోజనం బల్ల నాకు వదిలేశారు. ఓడ కిట్‌ను సూట్‌కేసులో తెచ్చింది మా తమ్ముడు. వాళ్లకు ఇంట్లోనే చెప్పుకుంటాను.

మరిచిపోయాను, రేడియో బోర్డుల సంచీ ఊరికే ఇచ్చిన చౌరస్తా రేడియో మెకానిక్ అన్నకు కృతజ్ఞతలు. గీతలు చెక్కడానికి అరిగిపోయిన పంటి పరికరాలు ఇచ్చిన డాక్టరమ్మకు కూడా. పెట్టె కుదుపుకు గురికాకుండా ముందు సీటు ఇప్పించిన కండక్టర్ గారికి, మంచం కిందికి దొర్లిన ఇంజన్ మూతను టార్చి పట్టి గంట వెతికిన పక్కింటి పాపకు. నిన్న తెల్లవారుజామున కరెంటు పోతే తన దీపం తెచ్చిచ్చిన మా కింది వాటా తాతగారి పేరు అన్నిటికన్నా ముందు రాయాల్సింది.

కరీంనగర్‌లో తీగ పని చేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఆయనకు చదివి వినిపించండి, ఎవరో మీకే తెలుస్తుంది. ఆయన ఫోనులో ఫొటోలు రావు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు ఓడను పట్టుకుని వస్తున్నాను. తీగ మనిషిని పారేయొద్దని చెప్పండి, తలుపు దగ్గర నిలబెట్టాలి.