క్రిస్మస్ రాత్రి పాత ఊరికి బస్సులు నడపాలి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే విశాఖ వాళ్లం చలి కోసం కొండలెక్కుతాం. లంబసింగిలో మంచు చూడాలని, అరకులో రాత్రిపూట మంట వేసుకుని కూర్చోవాలని కుటుంబాలకు కుటుంబాలు బయలుదేరతాయి. మంచిదే, మేమూ వెళ్తాం. కానీ అదే నెలలో మన ఊళ్లోనే, సముద్రం పక్కనే, పగలు 28, 29 డిగ్రీల ఎండలో జరిగే క్రిస్మస్ సంబరాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంది. బయటి నుంచి వచ్చిన చుట్టాలకు కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం చూపిస్తాం. జ్ఞానాపురం వీధుల్లో వెలిగే నక్షత్రాలను చూపించాలని మాత్రం తోచదు.

షాపింగ్ మాళ్లలో థర్మకోల్ ముక్కలు, దూది పరిచి మంచు అంటున్నారు. నురగ స్ప్రేలు కొట్టుకుంటూ పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. వాళ్ల సరదా నేను కాదనను. అయితే క్రిస్మస్ అంటే ఎక్కడో చలిదేశాల పండగ, మనం దాన్ని అరువు తెచ్చుకున్నాం అనుకుంటూ వాళ్లు పెరగడం నాకు ఇష్టం లేదు. లండన్ మిషన్ వారు విశాఖపట్నంలో దిగింది 1805లో. వారిలో క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. ఇద్దరూ కొద్ది ఏళ్లకే కన్నుమూశారు. సెయింట్ అలోషియస్ స్కూలు 1847 నాటిది. రెండు వందల ఏళ్లుగా ఈ ఉక్కపోతలో, ఈ ఉప్పుగాలిలో జరుగుతున్న పండగ ఇది. దీనికి దూది మంచు అక్కర్లేదు.

మాది క్రైస్తవ కుటుంబం కాదు. అయినా మా వీధిలో ఆ నెలంతా పండగ వాతావరణమే. డిసెంబరు మొదటి వారంలోనే డాబాల మీద నక్షత్రాలు కడతారు. సెమీ క్రిస్మస్ కూడికలు మొదలవుతాయి. ఎదురింటి అమ్మగారు అరిసెలు, గులాబీ పువ్వులు వండి డబ్బాల్లో పెట్టి ఇంటింటికీ పంపుతారు. మేం మాంసం తినమని ఆవిడకు తెలుసు. పండగ రోజు తమ ఇంట్లో బిరియాని వండుకున్నా, మాకోసం పులిహోర, సేమ్యా పాయసం విడిగా చేయించి పంపుతారు. సంక్రాంతికి మా ఇంటి నుంచి బూరెలు వెళ్తాయి. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకుండా ఏళ్ల తరబడి నడుస్తున్న సంగతి ఇది.

మన ఊరి క్రిస్మస్ అందమంతా ఆరుబయటే ఉంది. చలిదేశాల్లో తలుపులు బిగించుకుని పొయ్యి చుట్టూ చేరాలి. ఇక్కడ రాత్రి పదకొండింటికి కూడా ముసలివాళ్లు అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చోగలరు. క్యారల్స్ బృందాలు డోలక్, కంజిర పట్టుకుని వీధి వీధీ నడుస్తాయి. ఆడపిల్లలు ఓణీలతో, చంటిపిల్లలు నాన్న భుజం మీద. పాట వినబడగానే మేడ మీది వాళ్లు దిగివస్తారు, ఎవరో టీ పోస్తారు. తాటాకులు, ఎండుగడ్డితో కట్టే పశువుల పాక కూడా ఇంట్లో మూల ఉండదు. గుమ్మం ముందు, దారిన పోయేవాళ్లందరికీ కనిపించేలా కడతారు. జ్ఞానాపురం సెయింట్ పీటర్స్ కేథడ్రల్‌లో 24 రాత్రి పూజకు లోపల చోటు చాలక జనం ఆవరణలో నిలబడతారు. పైన ఆకాశం, కింద నేల, మధ్యలో అందరూ కొత్త బట్టల్లో. నేను ఒక పక్కన నిలబడి చూస్తాను, నన్ను ఎవరూ ఎవరని అడగరు.

రాస్ హిల్ సంగతీ చెప్పాలి. రాస్ అనే దొర 1864లో ఆ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత అది మేరీమాత గుడి అయింది. పక్క కొండ మీద వెంకటేశ్వరస్వామి, ఇంకో కొండ మీద ఇషాక్ మదీనా దర్గా. ఓడలు రేవులోకి వచ్చేది ఈ మూడు కొండల కిందుగానే. డిసెంబరు 8న మేరీమాత ఉత్సవానికి అన్ని మతాల వాళ్లూ చెప్పులు విడిచి కొండెక్కుతారు. నా దృష్టిలో విశాఖలో క్రిస్మస్ మొదలయ్యేది ఆ రోజే. బయటి నుంచి వచ్చిన ఏ అతిథికైనా ముందు చూపించాల్సింది ఆ కొండ మీది నుంచి కనబడే రేవును.

ఇంత ఉన్నా, మధురవాడ నుంచో గాజువాక నుంచో ఒక కుటుంబం 24 రాత్రి వచ్చి ఇదంతా చూసి వెళ్లాలంటే చాలా కష్టం. పొద్దుపోయేకొద్దీ సిటీ బస్సులు పలచబడిపోతాయి. పూజ ముగిసేసరికి ఒంటిగంట దాటుతుంది. ఆ వేళ పిల్లలతో, పెద్దవాళ్లతో రోడ్డు మీద నిలబడి ఆటోకు అడిగినంత ఇవ్వాల్సిందే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఎంతో మేలు చేసిన పథకం అది. ఆ మేలు క్రిస్మస్ రాత్రి గుడికి వెళ్లే ఆడవాళ్లకూ దక్కాలంటే ముందు బస్సు ఉండాలి కదా. 24 రాత్రి రెండింటి దాకా ఓల్డ్ పోస్టాఫీసు, కాన్వెంట్ జంక్షన్ల నుంచి గాజువాక, మధురవాడ, పెందుర్తి వైపు కొన్ని బస్సులు నడపమని కోరుతున్నాను. ఏడాదికి ఒక్క రాత్రి.

రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీదికి వాహనాలు రాకుండా ఆపి నడిచేవాళ్లకు వదులుతున్నారు. అదే పద్ధతి 24 సాయంత్రం నుంచి జ్ఞానాపురం, వన్‌టౌన్ చర్చిల చుట్టూ ఉన్న ఇరుకు వీధుల్లో పెట్టొచ్చు. సెయింట్ జాన్స్ చర్చి వైపు సందుల్లో ముందుగానే దీపాలు సరిచేయించి, తాత్కాలిక మరుగుదొడ్లు, తాగునీరు ఏర్పాటు చేస్తే చాలు. లేజర్ షోలూ వేదికలూ అక్కర్లేదు. సంబరం అక్కడి జనమే చేసుకుంటారు.

మైకుల గురించి క్రైస్తవ సోదరులకు ఒక విన్నపం. డీజే బాక్సులు వద్దు, డోలక్ చాలు. కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు వాడకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ రోజుల్లో డిసెంబరు 24 ఉండేలా చూడాలి. అయితే సడలింపు ఉన్నా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల మాత్రం పాట నెమ్మదిగానే సాగాలి. లోపల రోగులు ఉంటారు.

25 సాయంత్రం గురించి నాకు భయం ఎక్కువ. భోజనాలయ్యాక ఊరు ఊరంతా ఆర్కే బీచ్‌కి వస్తుంది. మురీ మిక్స్‌చర్ పొట్లాలు, బెలూన్లు, కొత్త గౌన్లలో పిల్లలు. చూడటానికి కడుపు నిండిపోతుంది. కానీ ఆ అలలు ఎంత మోసం చేస్తాయో ఇక్కడ పుట్టినవాళ్లందరికీ తెలుసు. ఎంతమంది బిడ్డల్ని ఆ నీళ్లకు ఇచ్చుకున్నామో కూడా తెలుసు. ఆ సాయంత్రం గజ ఈతగాళ్లను మామూలు రోజుల కంటే ఎక్కువమందిని పెట్టాలి. చీకటి పడే వేళకు జనాన్ని నీళ్లలోంచి బయటకు రప్పించాలి. మిగతా కోరికలన్నీ వచ్చే ఏడాదికి వాయిదా వేసినా, దీన్ని మాత్రం వేయకండి.

ఇందులో పెద్ద ఖర్చు ఏదీ లేదు. నగరపాలక సంస్థ, పోలీసు, ఆర్టీసీ అధికారులు నవంబరులోనే చర్చి పెద్దలతో ఒకసారి కూర్చుంటే డిసెంబరు 8 ఉత్సవానికే కొన్ని ఏర్పాట్లు చేసి చూడొచ్చు. బస్సుల వేళలు ఖరారైతే మీ పత్రికలో విశాఖ పేజీలో రెండు రోజులు ముందుగా వేయమని ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మహారాణిపేట, విశాఖపట్నం