పడవ ట్రైలర్ నిధి: జమా ఖర్చుల వివరణ

భీమిలి రేవులో మనందరం ఉమ్మడిగా వాడుకునే చిన్న పడవల ట్రైలర్ కోసం వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు, వసూలు చేసిన డబ్బుకీ పెట్టిన ఖర్చుకీ లెక్క ఇది. "అతుకులేసి 19 వేలకి ఇచ్చేస్తానని వెల్డింగు షాపతను చెప్పాడు కదా, 54 వేలు దాటడమేంటి?" అని గుడి అరుగు మీద చాలామంది అడిగారు. అడగడం న్యాయమే. అందుకే ఈసారి అంకెలతో పాటు కారణం కూడా రాస్తున్నాం.

ముందు జమ. 26 పడవల్లో 23 పడవల వాళ్లు తలా 2,000 ఇచ్చారు, 46,000 అయింది. పాత నిల్వ 6,350. గుజరాత్‌లోని వేరావల్‌కి వేటకి వెళ్లిన మన కుర్రాళ్లు అక్కడి నుంచే ఫోన్‌పేలో 5,000 పంపారు. పాత ఫ్రేము తూకానికి అమ్మితే 118 కిలోలు, కిలో 30 చొప్పున 3,540 వచ్చింది. మొత్తం జమ 60,890 రూపాయలు.

ఇక అసలు సంగతి. బండి పైకి బాగానే ఉంది, పోయినేడు వేసిన నీలం పెయింటు ఇంకా మెరుస్తూనే ఉంది. చక్రాలు విప్పించి, బండిని ఏటవాలుగా నిలబెట్టాం. అడుగు దూలం గొట్టం కొస నుంచి తుప్పు పెచ్చులూ తడి ఇసకా కలిసి బకెట్‌కి సరిపడా రాలాయి. సుత్తితో తట్టుకుంటూ వస్తే ముందు వైపు ఖంగుమన్న ఇనుము, యాక్సిల్ దగ్గరికొచ్చేసరికి అట్టపెట్టెని కొట్టినట్టు డబ్‌మంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. ఇది చూసినవాళ్లు పదిమందికి పైనే ఉన్నారు, కావాలంటే అడగండి.

ఆ దూలాలు చదరపు గొట్టాలు. సముద్రంలోకి దింపిన ప్రతిసారీ ఉప్పునీళ్లూ ఇసకా లోపలికి పోతాయి. మనం పైన ఎంత కడిగినా మంచినీళ్లు లోపలికి అందవు, ఇసక తడి వదలదు. తుప్పు లోపల్నుంచే తినుకుంటూ వచ్చింది. అలాంటి చోట రేకు పెట్టి వెల్డింగు చేస్తే పలచబడ్డ ఇనుము కాలి చిల్లు పడుతుంది. పట్టినా, రేకుకీ పాత ఇనుముకీ మధ్య మళ్లీ ఉప్పునీళ్లు చేరతాయి. అతుకు నిలిచినా దాని పక్కన విరుగుతుంది. ఆ విరిగేది పడవ పైన ఉండగా బీచ్ రోడ్డు మీదైతే 19 వేలతో సరిపెట్టామన్న సంతోషం ఎంతసేపు?

అలాగని మొత్తం కొత్తది కొనాలంటే లక్షా పదివేలు చెప్పారు. మనకి అంత తాహతూ లేదు, అవసరమూ లేదు. యాక్సిల్ గట్టి కడ్డీది. లేతు మీద పెట్టి చూపిస్తే వంకర లేదన్నారు, సీలు (గ్రీజు బయటికి పోకుండా, నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు చుట్టు) కూర్చునే చోట గీతలు మాత్రం సాపు చేయించాం. హబ్బులు (చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే భాగాలు), రిమ్ములు, పడవని పైకి లాగే చేతి వించి వాడుకోదగ్గవే. అందుకని ఫ్రేము ఒక్కటీ కొత్తగా చేయించి పాత యాక్సిల్‌నే బిగించాం.

ఈసారి గొట్టం వద్దని సీ ఛానల్, అంటే ఇంగ్లీషు C అక్షరంలా ఉండే ఇనుప దూలం, పెట్టించాం. ఒక పక్క తెరిచి ఉంటుంది కాబట్టి పైపు పెడితే ఇసక అంతా కొట్టుకుపోతుంది. వెల్డింగులు, చిల్లులు అన్నీ పూర్తయ్యాకే జింకు పూతకి పంపాం. సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచి తీస్తారు. ఇకమీదట జెండా కర్రకనో లైటుకనో ఎవరూ అందులో కొత్త చిల్లు వేయొద్దు, పూత తెగిన చోటే తుప్పు మొదలవుతుంది.

ఖర్చు: ఇనుము 160 కిలోలు, కిలో 66 చొప్పున 10,560. వెల్డింగు కూలీ 14,000. ఇదే పెద్ద పద్దు, బేరమాడినా తగ్గలేదు. కోతలు పోను 156 కిలోలకి జింకు పూత కిలో 20 చొప్పున 3,120. టైర్లు రెండు 6,500. కమాను కట్టలు రెండు 4,800. పడవ జారే రోలర్లు, రబ్బరు దిమ్మలు 3,600. బేరింగులు, ఆయిల్ సీళ్లు 2,640. ఆటోనగర్‌కి రానూ పోనూ రవాణా 2,500. ముందు తగిలించే కొక్కెం సెట్టు 2,300. విప్పి చూసిన కూలీ 1,500, యూ బోల్టులు, నట్లు 1,450, లేతు పని 1,200, గ్రీజు 380. మొత్తం 54,550. నిల్వ 6,340.

బేరింగుల గురించి ఒక మాట. రోడ్డు మీద పరిగెత్తిన హబ్బు వేడిగా ఉంటుంది. వెంటనే నీళ్లలో దింపితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి సీలు సందుల్లోంచి ఉప్పునీటిని లాక్కుంటుంది. హబ్బు మీద చెయ్యి పెట్టి చూసి, చల్లారాకే దింపండి. తొందరగా ఉందని రివర్స్ కొట్టేస్తే గ్రీజు పాడైపోతుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున చక్రం బిగుసుకుపోతే ఏమవుతుందో 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

బిల్లులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా సాయంత్రం వచ్చి చూసుకోవచ్చు. ఇంకా మూడు పడవల వాళ్లు 6,000 ఇవ్వాలి. పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్లకి తెలుసు. అది కూడా వస్తే నిల్వతో కలిపి స్పేరు టైరు, రిమ్ము కొంటాం. అప్పటిదాకా ట్రైలర్‌ని హార్బరు దాకా పంపడం కుదరదు, భీమిలి దాటించొద్దు.